బయోఇన్ఫర్మాటిక్స్, బయోమ్యాథ్స్‌లో పీజీ చేయాలంటే: బైపీసీ వాళ్లకూ ఎంపీసీ వాళ్లకూ

ఏటా డిగ్రీ ఫలితాలొచ్చే రోజుల్లో నాకు ఒకే ప్రశ్న రెండు రూపాల్లో వస్తుంది. "అక్కా, నాది బీజెడ్‌సీ. లెక్కలు పదో తరగతితో ఆపేశాను. బయోఇన్ఫర్మాటిక్స్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చా?" అని ఒకరు. "మేడమ్, నాది మ్యాథ్స్ డిగ్రీ. బయాలజీలో కణం బొమ్మ తప్ప ఏమీ గుర్తులేదు. నన్ను తీసుకుంటారా?" అని ఇంకొకరు. ఇద్దరికీ జవాబు ఒకటే. చేయొచ్చు, తీసుకుంటారు. కాకపోతే మీ దగ్గర లేని సగాన్ని నింపుకున్నారని చూపించాలి. "నాకు ఆసక్తి ఉంది సార్" అంటే సరిపోదు, చేసిన పని ఒకటి చేతిలో ఉండాలి. ఆ పని ఎలా చేయాలి, తర్వాత ఏ పరీక్షలు రాయాలి, ఎక్కడ జారిపడతారు అన్నదే ఈ వ్యాసం. నేను ఎంపీసీ వైపు నుంచి వచ్చినదాన్ని, జారిపడిన చోట్లు కొన్ని నావే.

పేర్ల గొడవ ముందు తేల్చేద్దాం. డీఎన్ఏ, ప్రొటీన్లను అక్షరాల వరసలుగా తీసుకుని కంప్యూటర్‌తో వెతకడం, పోల్చడం, అర్థం చేసుకోవడం బయోఇన్ఫర్మాటిక్స్. జబ్బు ఊళ్లో ఎలా పాకుతుంది, కణాలు ఎలా పెరుగుతాయి అన్నది సమీకరణాల్లో రాసి లెక్కకట్టడం బయోమ్యాథమెటిక్స్. మన దేశంలో ఈ రెండో పేరుతో డిగ్రీ దొరకడం అరుదు. అదే పని మ్యాథమెటికల్ బయాలజీ, కంప్యుటేషనల్ బయాలజీ, సిస్టమ్స్ బయాలజీ అనే పేర్ల కింద ఉంటుంది. కాబట్టి ఒక్క పేరుతోనే వెతికి "మన దగ్గర లేదు" అనుకోకండి.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. లక్ష రూపాయల గేమింగ్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. అదీ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో గూగుల్ కోలాబ్ (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే ఉచిత వేదిక) తెరిచినా పని జరుగుతుంది.
- రోజుకు గంటన్నర చొప్పున నాలుగు నెలలు.
- ఒక పెద్ద నోటుబుక్కు. లెక్కలు స్క్రీను మీద చూస్తే రావు, చేత్తో వేయాలి.
- గిట్‌హబ్‌లో ఒక ఉచిత ఖాతా, చేసిన పని దాచుకోవడానికి.
- సర్టిఫికెట్లు. ఇది చాలామంది చివర్లో చూసుకుని టెన్షన్ పడతారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. కేంద్ర సంస్థలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలు కేంద్రం నమూనాలో, ఆ ఏటివి కావాలి. ఊళ్లో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ వాటికి పనికిరాదు. పైగా రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, అదీ చూసుకోండి.

1. మీకు లేని సగం ఏదో పరీక్షించుకోండి

బయాలజీ వైపు వాళ్లు పుస్తకం చూడకుండా ఈ మూడూ చేయండి. ఒకటి, మూడు రోజులకోసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియాకు రోజువారీ పెరుగుదల రేటు ఎంత? రెండు, వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బుకు ఒక టెస్టు ఉంది. జబ్బు ఉన్నవాళ్లలో 99 శాతం మందికి పాజిటివ్ అని, లేనివాళ్లలో 99 శాతం మందికి నెగటివ్ అని సరిగ్గా చెబుతుంది. మీకు పాజిటివ్ వచ్చింది. నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? మూడు, రెండు 2×2 మాత్రికలను గుణించండి.

మొదటిదానికి జవాబు సుమారు 0.23, అంటే 2 యొక్క సహజ సంవర్గమానాన్ని 3తో భాగిస్తే వచ్చేది. రెండోదానికి సుమారు 9 శాతం. 99 అని రాసినవాళ్లు సిగ్గుపడక్కర్లేదు, తొలిసారి చూసినవాళ్లలో చాలామంది అదే రాస్తారు. కానీ ఎందుకు 9 వచ్చిందో కాగితం మీద వేసి చూపగలిగేదాకా ముందుకు వెళ్లకండి. రేపు జన్యు పరీక్షల ఫలితాలు చదవాలన్నా ఈ లెక్కే ఆధారం.

లెక్కల వైపు వాళ్లకు వేరే మూడు. డీఎన్ఏ నుంచి ప్రొటీన్ దాకా దారిని పది వాక్యాల్లో రాయండి. ఒకే డీఎన్ఏ ఉన్నా కంటి కణం, కాలేయ కణం ఎందుకు వేరుగా ఉంటాయో చెప్పండి. డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్‌లో ఒక్క డీఎన్ఏ ముక్క 30 చక్రాల తర్వాత ఎన్ని కావచ్చో లెక్కకట్టండి. చివరిది మీకు నల్లేరు మీద నడక, సుమారు 107 కోట్లు. మొదటి రెండింట్లో ఆగిపోతే మీ సగం ఏదో తెలిసినట్టే.

2. ఆ సగాన్ని నింపండి, అవసరమైనంతే

ఇక్కడ అందరూ చేసే తప్పు అతిగా మొదలుపెట్టడం. బీజెడ్‌సీ అమ్మాయి ఒకరు ఇంటర్ లెక్కల పుస్తకాలు మొదటి పేజీ నుంచి పట్టుకుని, శాంకవాల దగ్గర విసిగిపోయి అన్నీ కట్టిపెట్టేసింది. శాంకవాలు ఇప్పుడు మీకు వద్దు. కావలసినవి ఇవి: ఘాతాంకాలు, సంవర్గమానాలు, అవకలనం, సమాకలనం మౌలికంగా, మొదటి పరిమాణ (ఫస్ట్ ఆర్డర్) అవకలన సమీకరణాలు, మాత్రికలు, సంభావ్యత, సగటు, విస్తృతి, పీ-వాల్యూ లాంటి గణాంకాలు. ఇంతే. మూడు నెలల పని.

లెక్కల వాళ్లు అణు జీవశాస్త్రం, జన్యుశాస్త్రం ఇంటర్ బైపీసీ తెలుగు అకాడమీ పుస్తకాల్లోనే మొదలుపెట్టండి. తెలుగులో చదివితే ఒకసారికే తలకెక్కుతుంది, తర్వాత ఇంగ్లిష్ పదాలు జోడించుకోవచ్చు. జంతువుల వర్గీకరణ వదిలేయండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో రెండు వైపులకూ పాఠాలున్నాయి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

ప్రోగ్రామింగ్ ఇద్దరికీ కొత్తే అయితే పైథాన్‌తో మొదలుపెట్టండి. ఆర్ అనే భాష తర్వాత నేర్చుకోవచ్చు. రోజలిండ్ అనే సైటులో జీవశాస్త్రం లెక్కలు ఒక్కొక్కటిగా ఇస్తారు. డీఎన్ఏలో నాలుగు అక్షరాలూ (ఏ, టీ, జీ, సీ) ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదటిది. పది లెక్కలు సొంతంగా దాటితే కింది పనికి సిద్ధమైనట్టే. జవాబు ఎక్కడో వెతికి అతికిస్తే సైటు పచ్చగా చూపిస్తుంది, ఇంటర్వ్యూలో మాత్రం మీ ముఖం ఎర్రబడుతుంది.

ఒక హెచ్చరిక. "45 రోజుల్లో బయోఇన్ఫర్మాటిక్స్ సర్టిఫికెట్, ఉద్యోగం గ్యారంటీ" అని వేలకు వేలు అడిగే శిక్షణలున్నాయి. అక్కడ నేర్పేది చాలావరకు ఉచితంగా దొరికేదే. ఆ సర్టిఫికెట్ చూసి సీటిచ్చిన విశ్వవిద్యాలయాన్ని నేనైతే చూడలేదు.

3. మొదటి పని: ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో చూపండి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి. రెండు వారాలు పట్టినా పర్వాలేదు.

సికిల్ సెల్ జబ్బు గురించి మన ఏజెన్సీ ఊళ్లలో పనిచేసే ఏ ఏఎన్ఎంను అడిగినా చెబుతారు. 2023 జులైలో కేంద్రం దీనికోసం ప్రత్యేకంగా ఒక నిర్మూలన మిషన్ కూడా మొదలుపెట్టింది. ఇంత బాధకూ మూలం హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ అనే ప్రొటీన్ జన్యువులో ఒక్క అక్షరం. దాన్ని మీ చేతులతో మీరే పట్టుకోవాలి.

క) ఎన్‌సీబీఐ (జన్యు వరసలు దాచే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైటులో న్యూక్లియోటైడ్ విభాగానికి వెళ్లి మనిషి హెచ్‌బీబీ జన్యువు, అంటే బీటా గ్లోబిన్ జన్యువు, ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి వాడే జన్యువు నకలు) వెతకండి. దాని నంబరు ఎన్ఎం_000518. ఫాస్టా (వరసలను మామూలు అక్షరాల్లో దాచే ఫైలు) రూపంలో దింపుకోండి.

ఖ) పైథాన్‌లో చదివి నాలుగు అక్షరాల లెక్క, జీ-సీ శాతం (జీ, సీ అక్షరాలు కలిపి ఎంత శాతమో) రాయండి. బయోపైథాన్ అనే ఉచిత లైబ్రరీ వాడొచ్చు. కానీ మొదటిసారి మీరే లూప్ రాసి, తర్వాత బయోపైథాన్ జవాబుతో సరిచూసుకోండి.

గ) ప్రొటీన్‌గా మారే భాగాన్ని వేరుచేయండి. అది 51వ అక్షరం దగ్గర ఏ-టీ-జీతో మొదలవుతుంది, ఆగే సంకేతంతో కలిపి 444 అక్షరాలు. దాన్ని మూడేసి అక్షరాలుగా విడగొట్టి అనువదించండి.

ఘ) ఆ భాగంలో 20వ అక్షరం ఏ. దాన్ని టీగా మార్చి మళ్లీ అనువదించండి. జీ-ఏ-జీ కాస్తా జీ-టీ-జీ అవుతుంది. గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి: ప్రొటీన్ పొడవు సరిగ్గా 147 ఉండాలి. మొదటి తొమ్మిది అక్షరాలు ఎం, వీ, హెచ్, ఎల్, టీ, పీ, ఈ, ఈ, కే. మధ్యలో ఎక్కడా ఆగే సంకేతం రాకూడదు. మార్చిన తర్వాత ఏడో అక్షరం ఒక్కటే ‘ఈ’ (గ్లుటామిక్ ఆమ్లం) నుంచి ‘వీ’ (వాలీన్) కావాలి, మిగతా 146 కదలకూడదు.

రాకపోతే తప్పు దాదాపుగా ఈ నాలుగింట్లో ఒకటి:

- మొదటి అక్షరం నుంచే అనువదించారు. ముందున్న 50 అక్షరాలు ప్రొటీన్ కోసం కాదు. 50ని మూడు నిశ్శేషంగా భాగించదు కాబట్టి చదివే వరసే తప్పుతుంది, పిచ్చి ప్రొటీన్ వస్తుంది.
- ఎంఆర్ఎన్ఏ బదులు జన్యువు మొత్తం దింపుకున్నారు. అందులో రెండు ఇంట్రాన్లు (ప్రొటీన్‌లోకి రాని మధ్య ముక్కలు) ఉన్నాయి, అవి తీసేయనిదే అనువాదం కుదరదు.
- 11వ క్రోమోజోము నుంచి నేరుగా కోసి తెచ్చారు. ఈ జన్యువు వ్యతిరేక పోగు (మైనస్ స్ట్రాండ్) మీద ఉంటుంది. తిరగేసి, జతకట్టే అక్షరాలుగా మార్చాకే చదవాలి.
- పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, జీవశాస్త్రం ఒకటి నుంచి. 20వ అక్షరం పైథాన్‌కు 19. నేను ఈ ఒక్క తేడా మీద ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. జన్యువుల స్థానాలు రాసే ఫైళ్లలోనూ ఇదే తంతు: బెడ్ ఫైలు సున్నా నుంచి, వీసీఎఫ్ ఫైలు ఒకటి నుంచి.

పాత పుస్తకాల్లో ఈ మార్పు "ఆరో స్థానం" అని ఉంటుంది, మీకేమో ఏడు వస్తుంది. రెండూ సరే. మొదటి మెథియోనిన్ శరీరంలో తెగిపోతుంది, పాతవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇంటర్వ్యూలో ఈ మాట మీ అంతట మీరే చెబితే ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు.

ఙ) ఇప్పుడు ఆ ప్రొటీన్‌ను బ్లాస్ట్‌లో (డేటాబేస్‌లో పోలికున్న వరసలు వెతికే ఎన్‌సీబీఐ సాధనం) పెట్టండి. ప్రొటీన్‌ను ప్రొటీన్లతో పోల్చేది బ్లాస్ట్-పీ, డీఎన్ఏను డీఎన్ఏతో పోల్చేది బ్లాస్ట్-ఎన్. ఇవి తారుమారైతే ఏమీ దొరకదు. చింపాంజీ బీటా గ్లోబిన్ మనదానితో నూటికి నూరు శాతం కలవాలి. మన ఆల్ఫా గ్లోబిన్‌తో పోలిస్తే నలభై శాతం పైచిలుకు మాత్రమే కలుస్తుంది. ఒక్క పోలిక శాతం చూసి మురిసిపోకండి. పక్కనే ఎంత పొడవు మేర కలిసిందో ఉంటుంది. 20 అక్షరాల ముక్కలో నూరు శాతం కలిస్తే దానికి పెద్ద విలువ లేదు.

ఫలితాలను ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు జాగ్రత్త. మార్చ్1, సెప్ట్2 అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. ఈ బెడద పడలేక 2020లో జన్యువుల పేర్ల కమిటీ ఏకంగా ఆ పేర్లనే మార్చింది! పాత ఫైళ్లలో ఇంకా ఉంటాయి కాబట్టి ఆ నిలువు వరసను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి.

ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ కాక సతాయిస్తుంటే గెలాక్సీ అనే ఉచిత వేదికలో బ్రౌజర్ నుంచే చాలా పనులు చేయొచ్చు. కాకపోతే అక్కడ బటన్లు నొక్కడమే ఉంటుంది. మీరు కోడ్ రాయగలరని చూపాలంటే కోలాబ్ మేలు.

4. రెండో పని: వెయ్యి మంది ఉన్న ఊళ్లో ఒక జ్వరం

బయోమ్యాథ్స్ వైపు పోవాలనుకునేవాళ్లకు ఇది తప్పనిసరి. మిగతావాళ్లూ చేస్తే నష్టం లేదు.

ఈ లెక్కకు మన ఊళ్లతో చుట్టరికం ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే చూశాడు. తర్వాత ఆయనే మలేరియాకు సమీకరణాలు రాసి, ప్రతి దోమనూ చంపక్కర్లేదు, ఒక గీత కిందికి తగ్గిస్తే చాలు అని లెక్కతో చూపించాడు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అంటువ్యాధుల మీద రాసిన ప్రసిద్ధ పత్రంలో 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలను తమ సమీకరణంతో పోల్చి చూశారు. మనం చేసేది వాళ్ల లెక్కలోని తేలిక రూపం.

ఊళ్లో వెయ్యి మంది. జబ్బు రావడానికి వీలున్నవాళ్లు 999, జబ్బుతో ఉన్నది ఒక్కరు, కోలుకున్నవాళ్లు సున్నా. రోజుకు జబ్బు అంటుకునే రేటు బీటా 0.5, కోలుకునే రేటు గామా 0.25 అనుకోండి. ప్రతి చిన్న సమయపు అడుగులో కొత్తగా జబ్బుపడేవాళ్లు: బీటా × వీలున్నవాళ్లు × జబ్బుతో ఉన్నవాళ్లు ÷ 1000 × అడుగు. కోలుకునేవాళ్లు: గామా × జబ్బుతో ఉన్నవాళ్లు × అడుగు. అడుగు 0.1 రోజుగా పెట్టి 150 రోజులు నడపండి. గ్రాఫు గీయండి.

ఇలా సరిచూసుకోండి. మూడు గుంపులూ కలిపితే ఎప్పుడు చూసినా 1000 ఉండాలి. బీటాను గామాతో భాగిస్తే 2 వస్తుంది, దీన్నే ఆర్-నాట్ (మొదట్లో ఒక్క రోగి నుంచి సగటున ఎంతమందికి అంటుతుందో చెప్పే అంకె) అంటారు. అప్పుడు జబ్బు శిఖరానికి చేరిన రోజున వీలున్నవాళ్లు దాదాపు 500 మంది, జబ్బుతో ఉన్నవాళ్లు దాదాపు 154 మంది ఉండాలి. చివరికి మొత్తం జబ్బుపడినవాళ్లు సుమారు 797. దగ్గరదగ్గరగా రావాలి గానీ చుక్క తేడా లేకుండా రానక్కర్లేదు. బీటాను 0.2కు తగ్గించి మళ్లీ నడపండి. ఈసారి జబ్బు పాకకుండా ఆరిపోవాలి, మొత్తం ఐదుగురు దాటకూడదు.

ఎక్కువగా జరిగే తప్పు 1000తో భాగించడం మర్చిపోవడం. అప్పుడు మొదటి రోజే జనం మైనస్‌లోకి పోతారు. రెండోది, అడుగు పెద్దదిగా పెట్టడం. 0.1 బదులు 0.05 పెట్టినా శిఖరం పెద్దగా కదలకపోతే మీ అడుగు సరిపోయినట్టు. బాగా కదిలితే ఇంకా తగ్గించండి. మూడోది తప్పు కంటే అలవాటు: గ్రాఫు అందంగా వచ్చింది కదా అని నిజమైన ఊరు కూడా అలాగే నడుస్తుందనుకోవడం. ప్లేగు మనిషి నుంచి మనిషికి మాత్రమే కాదు, ఎలుకలు, వాటి మీద ఉండే ఫ్లీ అనే పురుగుల ద్వారా కూడా పాకుతుంది. మరి బొంబాయి అంకెలు సమీకరణంతో అంత బాగా ఎలా కలిశాయి? దీని మీద అర పేజీ మీ మాటల్లో రాయండి. ఆ అర పేజీ మీ కోడ్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

రెండు పనులనూ గిట్‌హబ్‌లో పెట్టండి. పైన ఒక పేజీ వివరణ: ఏం చేశాను, డేటా ఎక్కడిది, ఏ రోజు దింపాను, ఎలా సరిచూశాను. తర్వాత స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచి నడిపించండి. అక్కడ నడవకపోతే పని ఇంకా పూర్తి కాలేదు.

5. పరీక్షలు: అన్నీ రాయకండి, మీకు పనికొచ్చేవి రాయండి

- జామ్: ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి. ఫిబ్రవరిలో. బయోటెక్నాలజీ పేపర్లో ఇంటర్ స్థాయి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా అడుగుతారు. బైపీసీ వాళ్లు దెబ్బతినేది ఇక్కడే. లెక్కల వాళ్లకు మ్యాథమెటిక్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్లున్నాయి.
- సీయూఈటీ పీజీ: కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఎమ్మెస్సీలకు.
- గాట్-బి: కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మద్దతుతో నడిచే పీజీ కోర్సులకు.
- గేట్: ఎంటెక్, కొన్నిచోట్ల పీహెచ్‌డీకి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. బయోటెక్నాలజీ పేపర్లో ఇంజినీరింగ్ మ్యాథ్స్ ఒక భాగం.
- సీఎస్ఐఆర్ నెట్: ఎమ్మెస్సీ తర్వాత. లైఫ్ సైన్సెస్ గానీ మ్యాథమెటికల్ సైన్సెస్ గానీ రాయొచ్చు. జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం వేరే. ఇంట్లో "ఇంకా చదువేనా?" అనేవాళ్లకు ఈ అంకె చూపించండి, సగం గొడవ తగ్గుతుంది.

జామ్, గేట్ దరఖాస్తులు ముందు ఏడాది ఆగస్టు, అక్టోబరు మధ్యే అయిపోతాయి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు గుర్తొస్తే ఆ ఏడాది పోయినట్టే. రుణాత్మక మార్కులున్న ప్రశ్నలు, లేని ప్రశ్నలు ఏవో ముందే తెలుసుకోండి. జామ్‌లో అంకె టైప్ చేసే ప్రశ్నలకు రుణాత్మక మార్కులు లేవు, వాటిని ఖాళీగా వదిలి రావడం చేతిలోది పారేసుకోవడమే.

నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు ఒక మాట. 75 శాతం మార్కులుంటే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంది. అర్హత ఉందని వెళ్లిపోవాలని లేదు. పక్క సగం ఇంకా ఖాళీగా ఉంటే ఎమ్మెస్సీ చేసి వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం.

6. ఎక్కడ చదవాలి

హైదరాబాద్‌లోనే మొదలుపెట్టి చూడండి. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సిస్టమ్స్ అండ్ కంప్యుటేషనల్ బయాలజీ విభాగం ఉంది. దగ్గర్లోనే ట్రిపుల్ఐటీలో కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్, బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రం ఉంది. పీహెచ్‌డీకైతే హబ్సిగూడ వైపు సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు. బయట పుణె విశ్వవిద్యాలయం బయోఇన్ఫర్మాటిక్స్ సెంటర్, ఢిల్లీ జేఎన్‌యూలో కంప్యుటేషనల్ అండ్ ఇంటిగ్రేటివ్ సైన్సెస్ స్కూలు, బెంగళూరులో ఐబ్యాబ్ (బయోఇన్ఫర్మాటిక్స్, అప్లైడ్ బయోటెక్నాలజీ సంస్థ), లెక్కల వైపు మొగ్గున్నవాళ్లకు చెన్నై ఐఎంఎస్‌సీ (గణిత శాస్త్రాల సంస్థ).

పేరు చూసి చేరకండి. ఫీజు కట్టేముందు ఈ మూడు చూడండి. మొదటిది, సిలబస్‌లో గణాంకాలు, ప్రోగ్రామింగ్ కనీసం రెండు సెమిస్టర్లు ఉన్నాయా? లేకపోతే అది పేరు మార్చిన బయోటెక్నాలజీ. రెండోది, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు నిజమైన పరిశోధనశాలలో చేయనిస్తారా? మూడోది, నిరుడు పాసైన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడండి. వెబ్‌సైటులో దొరకని సంగతులన్నీ ఆ పది నిమిషాల్లో తెలుస్తాయి.

బైపీసీ వాళ్లు అర్హత నిబంధన రెండుసార్లు చదవండి. కొన్ని కోర్సులు ఇంటర్‌లో లెక్కలు ఉండి తీరాలంటాయి. ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు)లో లెక్కలు ఒక్కటే సబ్జెక్టుగా రాసే వీలుంది. కానీ దాన్ని ఆ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందా అని ముందే మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా దాచుకోండి.

జర్మనీ అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. ఖర్చులకు మాత్రం బ్లాక్డ్ ఖాతాలో (నెలకు కొంత మాత్రమే తీసుకోగల బ్యాంకు ఖాతా) డబ్బు చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. మన విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది) తప్పనిసరి, దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి అన్నిటికంటే ముందు దానికే దరఖాస్తు చేయండి. అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు చాలాచోట్ల డిసెంబరులోనే ముగుస్తుంది. ఒకే మెయిల్‌ను ఇరవై మంది ప్రొఫెసర్లకు పంపకండి, అది చదవగానే తెలిసిపోతుంది. ఒక్కరి పత్రం ఒకటి చదివి, అందులో అర్థంకాని ఒక చోటు గురించి నాలుగు వాక్యాల్లో అడగండి.

7. ఇంటర్వ్యూ

నా మొదటి ఇంటర్వ్యూలో ఈ-వాల్యూ అంటే ఏమిటని అడిగారు. "చిన్నదైతే మంచిది సార్" అన్నాను. "డేటాబేస్ రెట్టింపైతే అదే పోలికకు ఈ-వాల్యూ ఏమవుతుంది?" అన్నారు. నేల చూపులు చూశాను. సీటు రాలేదు, రాకూడదు కూడా. అన్నేళ్లు లెక్కలు చదివిన పిల్ల ఆ లెక్క చెప్పలేకపోయింది! యాదృచ్ఛికంగా అంత మంచి పోలికలు ఎన్ని దొరకొచ్చు అన్నదే ఈ-వాల్యూ. వెతికే చోటు రెట్టింపైతే అదీ రెట్టింపవుతుంది.

అందుకే మీ ప్రాజెక్టులో వాడిన ప్రతి మాటకూ "ఇది మారితే ఏమవుతుంది?" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. గామా సగమైతే? జన్యువులో ఒక అక్షరం మారడం కాకుండా మధ్యలోంచి పోతే? 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రామచంద్రన్ ప్లాట్‌లో (ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో తిరగగలదో చూపే పటం) గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటే మిగతావాటికి కుదరని చోట్ల ఎందుకు కూర్చుంటుంది? (దాని పక్క గుంపు ఒక్క హైడ్రోజన్ పరమాణువే, అడ్డం తక్కువ.) తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, ఎలా కనుక్కుంటారో చెప్పండి. సిఫారసు లేఖలు కావలిసొస్తే మాస్టార్లను నెల ముందే అడగండి, మీ ప్రాజెక్టు పేజీ కూడా వాళ్లకు పంపండి.

ఇక చివరిగా, పెళ్లయి, పిల్లలు పుట్టి, డిగ్రీ తర్వాత నాలుగైదేళ్లు ఖాళీ వచ్చిన అక్కలు కూడా రాస్తున్నారు. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షల్లో చాలావాటికి వయసు అడ్డు కాదు, నెట్ జేఆర్ఎఫ్‌కు మాత్రం వయోపరిమితి ఉంది, మహిళలకు సడలింపు ఉంటుంది, ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోండి. ఖాళీ ఎందుకొచ్చిందని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే మూడో అడుగులో చేసిన పని తెరిచి చూపించండి.